దెబ్బ తగిలిన తర్వాత పక్కన ఎవరున్నారు?
కోడి రామ్మూర్తి గోదా నుంచి బాక్సింగ్ రింగు దాకా



మన సంఘం ప్రత్యేక సంచిక అనగానే మన వీరుల కథలు, మన పండగలు, మన పాటలు ఉంటాయని మీరు ఎదురు చూస్తారు. ఈ వ్యాసం ఒక మల్లయోధుడి గురించి. ఆయన గిరిజనుడు కాడు. అయితే ఆయన పుట్టిన వీరఘట్టం మన కొండల అంచునే ఉంది. సీతంపేట, భామిని కొండల్లోని సవరలు, జాతాపులు ఈనాటికీ పనుల మీద దిగివచ్చే ప్రాంతమే అది. వీరఘట్టం, పాలకొండ, సీతంపేట, భామిని ఈ నాలుగు మండలాలూ కలిసి షెడ్యూల్డ్ తెగలకు కేటాయించిన పాలకొండ అసెంబ్లీ నియోజకవర్గం. 2022లో జిల్లాల విభజన తర్వాత వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. అంటే కోడి రామ్మూర్తి నాయుడు ఇప్పుడు మన జిల్లా మనిషి.

ఆయన ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకున్నాడన్న సంగతి ఉత్తరాంధ్రలో చాలామందికి తెలుసు. ఆ ఛాతీకి గాయమైనప్పుడు, ఆ తర్వాత కాలే పోయినప్పుడు ఏం జరిగిందన్నది తక్కువ మందికి తెలుసు. మన పిల్లలు ఆశ్రమ పాఠశాలల నుంచి, గురుకులాల నుంచి కబడ్డీకి, విలువిద్యకు, పరుగుకు, బాక్సింగుకు వెళ్తున్న ఈ కాలంలో మనకు ఆ రెండో సగమే ఎక్కువ అవసరం. ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఒక్కటే. ఆటగాడికి దెబ్బ తగిలిన తర్వాత అతని పక్కన ఎవరు నిలబడ్డారు? నూరేళ్లలో దానికి జవాబు ఎలా మారుతూ వచ్చిందో చూద్దాం.

వీరఘట్టం నుంచి విజయనగరానికి

రామ్మూర్తి 1880ల తొలి సంవత్సరాల్లో పుట్టాడు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అది 1950లో ఏర్పడింది. విజయనగరం జిల్లా కూడా లేదు, అది వచ్చింది 1979లో. ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తండ్రి కోడి వెంకన్న నాయుడు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న రామ్మూర్తి విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి దగ్గర పెరిగాడు. ఆయన పోలీసు శాఖలో ఉద్యోగి.

విజయనగరం అప్పుడు రాజుల ఊరు. సంగీతం, చదువు, సాము గరిడీలు మూడింటికీ అక్కడ ఆదరణ ఉండేది. చదువు మీద కంటే వ్యాయామం మీద మనసు పడ్డ కుర్రాణ్ణి పెద్దవాళ్లు తాలింఖానాకు పంపారు. దండీలు, బస్కీలు, కుస్తీ అక్కడే నేర్చాడు. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొంది, తిరిగి వచ్చి విజయనగరంలోనే పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు.

ఈ సంగతి మీరు గుర్తు పెట్టుకోవాలి. ప్రపంచమంతా తిరిగిన బలశాలి మొదట బడిలో డ్రిల్లు మాస్టారు. ఆయన బలం పుట్టుకతో ఊరికే వచ్చింది కాదు. రోజూ చేసిన కసరత్తు, మాంసం ముట్టని భోజనం, ఊపిరిని పట్టి నిలిపే ప్రాణాయామం, వీటితో కట్టుకున్న దేహం అది. యోగసాధనలో వాయుస్తంభన, జలస్తంభన అనే విద్యలు కూడా అభ్యసించాడని ఆయన గురించి రాసినవారంతా చెబుతారు.

ఆ కాలాన్ని కూడా గమనించండి. 1904-05లో యూజిన్ శాండో అనే ప్రసిద్ధ బలశాలి యూరప్ నుంచి వచ్చి మన దేశంలో ప్రదర్శనలిచ్చాడు. తెల్లవాళ్లు బలవంతులు, మనవాళ్లు బలహీనులు అనే మాట పాలకుల నోట తరచు వినిపించే రోజులవి. అలాంటి సమయంలో ఒక తెలుగువాడు గోదాలో నిలబడి ఇనుప గొలుసులు తెంచడం జనానికి వట్టి వినోదం కాలేదు. వాళ్లకు అది ఆత్మగౌరవం.

ఏనుగు, గొలుసు, మోటారు కారు

రామ్మూర్తి, ఆయన మిత్రుడు పొట్టి పంతులు కలిసి విజయనగరంలో వ్యాయామశాల నడిపారు. ఆ తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు. డేరాలో ఆయన వంతు వచ్చేసరికి జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచేవాడు. భుజాలకు తాళ్లు కట్టుకుని, ఇంజను నడుస్తున్న మోటారు కార్లు కదలకుండా పట్టి నిలిపేవాడు. అన్నిటికంటే పేరు తెచ్చింది ఏనుగు. నేల మీద వెల్లకిలా పడుకుని, రొమ్ము మీద చెక్క వేయించుకుని, దాని మీదుగా ఏనుగును నడిపించేవాడు.

ఇందులో మాయ లేదు. చెక్క ఏనుగు బరువును ఒక్కచోట పడనీయకుండా ఛాతీ అంతటికీ పంచుతుంది. ఊపిరి నింపి బిగించిన ఛాతీ లోపలినుంచి ఆనిక ఇస్తుంది. రెండూ సరిగ్గా కుదిరినంతసేపు మనిషి నిలబడతాడు. చెక్క విరిగితే బరువంతా ఒక్కచోట పడుతుంది. ప్రతి ప్రదర్శనలోనూ ఆ ప్రమాదం ఉంది. రోజూ అదే పని చేస్తున్నవాడికి ఆ సంగతి తెలుసు, టిక్కెట్టు కొన్నవాడికి తెలియదు.

పూనాలో బాలగంగాధర తిలక్ ఆయనను మెచ్చి మల్లమార్తాండ బిరుదు ఇచ్చాడని చెబుతారు. అలహాబాదులో మదన మోహన మాలవీయ ఆదరించి, విదేశాల్లో కూడా మన దేశం పేరు నిలబెట్టమని ప్రోత్సహించాడని చెబుతారు. రామ్మూర్తి తన బృందంతో లండన్ వెళ్లాడు. ఐదో జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన ప్రదర్శన చూసి మెచ్చుకున్న కథ ఉత్తరాంధ్రలో ఇంటింటా చెప్పుకుంటారు. ఇండియన్ హెర్క్యులస్ అన్న పేరు ఆయనకు అలా వచ్చింది. మన జనం పెట్టుకున్న పేరు కలియుగ భీముడు.

చెక్క విరిగింది

ఆయన జీవిత కథల్లో బిరుదుల పేజీలు దాటిన తర్వాత ఒక చిన్న పేరా కనిపిస్తుంది. యూరప్ యాత్రలో పారిస్‌లో ప్రదర్శన జరుగుతోంది. ఏనుగును రొమ్ము మీదికి ఎక్కిస్తున్న సమయంలో పలక విరిగింది. పక్కటెముక విరిగి లోపలికి గుచ్చుకుంది. శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. కోలుకునేదాకా నెలల తరబడి అక్కడే ఉండిపోవలసి వచ్చింది.

ఒక్కసారి ఆ పరిస్థితి ఊహించండి. సొంత సర్కస్ కంపెనీ. యజమానీ ఆయనే, ముఖ్య ఆటగాడూ ఆయనే. ఆట ఆగితే టిక్కెట్లు ఆగుతాయి. టిక్కెట్లు ఆగితే బృందానికి జీతాలు, జంతువులకు మేత అన్నీ ఆగుతాయి. బీమా అన్నది లేదు. ఆటగాళ్ల సంఘం లేదు. ప్రభుత్వం మనది కాదు. పరదేశంలో ఆసుపత్రి ఖర్చు, బృందం తిరుగు ప్రయాణం అన్నీ గాయపడ్డ మనిషి నెత్తి మీదే పడతాయి.

ఆయన కోలుకున్నాడు, తిరిగి గోదాలో దిగాడు. అయినా ఒంటిని ఒకసారి అంతగా నలగ్గొట్టుకున్న మనిషికి ప్రతి ప్రదర్శనా ముందుకంటే బరువే. ఆ తర్వాతి సంవత్సరాల్లో కాలి మీద పుండు లేచింది. అది మానలేదు, ముదిరింది. ప్రాణం దక్కాలంటే కాలు తీసేయక తప్పదన్నారు. శస్త్రచికిత్సకు మత్తు మందు వద్దని, ప్రాణాయామంతోనే నొప్పిని ఓర్చుకున్నాడని చెబుతారు. ఆ కథ ఎంతవరకు నిజమైనా, కాలు పోయిన మాట నిజం. కార్లు ఆపిన మనిషి కర్ర ఆసరా లేకుండా నడవలేని స్థితికి వచ్చాడు. గోదా జీవితం అక్కడితో ముగిసింది.

సంపాదించింది తక్కువేమీ కాదు. లక్షలు వచ్చాయంటారు. వచ్చినదాన్ని దానధర్మాలకూ జాతీయోద్యమానికీ ఖర్చు చేశాడనీ అంటారు. చివరి రోజులు గడిచింది మాత్రం సొంత ఊళ్లో కాదు. ఇప్పటి ఒడిశాలోని బలంగీర్‌లో, అప్పటి పాట్నా సంస్థానంలో, రాజాదరణలో గడిచాయి. 1942 జనవరిలో అక్కడే కన్నుమూశాడు.

ఈనాడు శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. పోయిన తర్వాత గౌరవం దక్కింది, మంచిదే. బతికుండగా కాలు పోయిన రోజున మాత్రం ఆయనకు దక్కింది హక్కు కాదు. ఒక రాజుగారి మంచి మనసు.

గామా కథ కూడా అంతే

ఇది రామ్మూర్తి ఒక్కడి దురదృష్టం అనుకోకండి. ఆయన కాలపు కుస్తీ యోధుల్లో అందరికంటే పెద్ద పేరు గామా పహిల్వాన్‌ది. 1910లో లండన్ వెళ్లి పోలెండు యోధుడు జ్బిష్కోను గంటల తరబడి కిందికి తొక్కి పట్టాడు. 1928లో పాటియాలాలో అదే యోధుణ్ణి నిమిషం లోపే పడగొట్టాడు. పాటియాలా మహారాజు ఉన్నంతకాలం గామాకు లోటు లేదు. దేశవిభజన తర్వాత సంస్థానాలు పోయాయి, గామా పాకిస్తాన్‌లో ఉండిపోయాడు. ముసలితనంలో జబ్బుతో, డబ్బు లేక ఇబ్బంది పడుతుంటే ఇక్కడి పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లా సహాయం పంపాడు. గామా 1960లో లాహోర్‌లో చనిపోయాడు.

ఇద్దరూ గోదాలో ఎదురులేనివాళ్లు. దేహం మొరాయించిన తర్వాత ఇద్దరూ ఎవరో ఒక ధనవంతుడి దయ మీద ఆధారపడ్డారు. దయ చూపినవాళ్లను తప్పు పట్టనవసరం లేదు. అయితే దయ చూపేవాడు దొరకని వందలాది పహిల్వాన్‌ల పేర్లు మనకు తెలియను కూడా తెలియవు.

రింగులో చావు, మారిన నియమాలు

ఇక బాక్సింగుకు వద్దాం. చేతులకు తొడుగులు, మూడు నిమిషాల రౌండు, పడినవాడు లేవడానికి పది లెక్కపెట్టడం, ఇవన్నీ 1867లో ఇంగ్లండులో క్వీన్స్‌బరీ నియమాల పేరుతో వచ్చాయి. వాటితో ఆట పద్ధతిగా మారింది. తల మీద పడే దెబ్బ మాత్రం అలాగే ఉంది. తొడుగు చేతి ఎముకలను కాపాడుతుంది. ఎదుటివాడి మెదడును కాపాడదు.

తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల మెదడు ఒక్కసారిగా ఊగుతుంది. మెదడు పైపొర నుంచి వెళ్లే సన్నని నరాలు తెగితే రక్తం కారి, పుర్రెకూ మెదడుకూ మధ్య గడ్డ కడుతుంది. పుర్రె సాగదు. లోపల చోటు లేక ఆ రక్తం మెదడును నొక్కుతుంది. మనిషి పైకి మామూలుగా మాట్లాడుతూనే కాసేపటికి కుప్పకూలవచ్చు. ఆ రక్తాన్ని ఎంత త్వరగా తీస్తే ప్రాణం, తెలివి అంతగా దక్కుతాయి. ఇక్కడ రోజులతో పని లేదు, నిమిషాలతోనే పని.

1982 నవంబరు 13న అమెరికాలోని లాస్ వేగాస్‌లో కొరియా బాక్సర్ దుక్ కూ కిమ్, అమెరికన్ రే మాన్సినీతో ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డాడు. అప్పట్లో టైటిల్ పోటీకి 15 రౌండ్లు. పేద కుటుంబం నుంచి వచ్చిన కిమ్ చివరిదాకా వెనక్కి తగ్గలేదు. 14వ రౌండులో పడిపోయాడు. మెదడులో రక్తం గడ్డ కట్టింది, శస్త్రచికిత్స చేసినా కొద్ది రోజుల్లోనే చనిపోయాడు. ఆ చావు తర్వాత ప్రపంచ బాక్సింగ్ సంస్థలు ఒకదాని వెంట ఒకటి టైటిల్ పోటీలను 12 రౌండ్లకు తగ్గించాయి. ఒక పేద కుర్రాడి ప్రాణం పోతే గానీ మూడు రౌండ్లు తగ్గలేదు.

మైఖేల్ వాట్సన్ వేసిన దావా

తొమ్మిదేళ్ల తర్వాత లండన్‌లో మరొక రాత్రి. 1991 సెప్టెంబరు 21. వైట్ హార్ట్ లేన్ ఫుట్‌బాల్ మైదానంలో మైఖేల్ వాట్సన్, క్రిస్ యూబాంక్ తలపడ్డారు. వాట్సన్ లండన్‌లో పెరిగిన నల్లజాతి యువకుడు. ఆ రాత్రి ఆట అతనిదే అనిపించింది. 11వ రౌండులో యూబాంక్‌ను కింద పడగొట్టాడు కూడా. లేచిన యూబాంక్ వెంటనే కింది నుంచి గడ్డం మీదికి ఒక దెబ్బ విసిరాడు. వాట్సన్ వెనక్కి పడ్డాడు, తల తాళ్లకు తగిలింది. 12వ రౌండు మొదలైన కాసేపటికే రిఫరీ ఆట ఆపాడు. వాట్సన్ అక్కడే కుప్పకూలాడు.

రింగు పక్కన ఊపిరి నిలబెట్టే పరికరాలతో సిద్ధంగా ఉన్న వైద్య బృందం లేదు. అతన్ని ఆసుపత్రికి చేర్చేసరికి దాదాపు అరగంట దాటింది. చేర్చిన మొదటి ఆసుపత్రిలో మెదడుకు శస్త్రచికిత్స చేసే సదుపాయం లేదు. అక్కడి నుంచి మరో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పీటర్ హామ్లిన్ అనే వైద్యుడు శస్త్రచికిత్స చేశాడు. వాట్సన్ 40 రోజులు స్పృహ లేకుండా ఉన్నాడు. మెదడుకు మొత్తం ఆరు శస్త్రచికిత్సలు జరిగాయి. ప్రాణం దక్కింది. ఒక పక్క చెయ్యీ కాలూ స్వాధీనంలో లేకుండా పోయాయి. నడక, మాట మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. బాక్సింగ్ జీవితం అక్కడితో ఆగిపోయింది.

మన ప్రశ్నకు సంబంధించినంతవరకు ఇక్కడే కథ మలుపు తిరిగింది. వాట్సన్ దయ కోసం చూడలేదు, కోర్టుకు వెళ్లాడు. దెబ్బ కొట్టిన యూబాంక్ మీద కాదు, ఆటను నడిపించే బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు మీద దావా వేశాడు. అతని వాదన ఇది: ఈ ఆటలో దెబ్బలు తగులుతాయని నాకు తెలుసు, ఒప్పుకునే దిగాను. కానీ దెబ్బ తగిలిన తర్వాత ఏ వైద్యం ఎక్కడ ఎంతసేపట్లో అందాలో నిర్ణయించింది బోర్డు. ఆ నియమాలు చాలకపోతే బాధ్యత బోర్డుదే.

1999లో హైకోర్టు ఈ వాదనను అంగీకరించింది. బోర్డు అప్పీలుకు వెళ్లింది. 2000 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా వాట్సన్ వైపే తీర్పు చెప్పింది. పరిహారం పూర్తిగా కట్టగల స్థితిలో బోర్డు లేదు. చివరికి 2001లో దాదాపు 4 లక్షల పౌండ్లకు ఒప్పందం కుదిరింది. వాట్సన్‌కు న్యాయంగా రావలసిన దానికంటే అది తక్కువే. అయినా తీర్పు నిలిచింది. ఆటను నడిపే సంస్థ ఆటగాడి ప్రాణానికి బాధ్యత వహించాలని చట్టం ఒప్పుకుంది. రింగు పక్కన అంబులెన్సు, ఊపిరి అందించగల నిపుణుడు, మెదడు శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి ముందస్తు సమాచారం, ఇవన్నీ అక్కడ తప్పనిసరి అయ్యాయి.

2003లో వాట్సన్ లండన్ మారథాన్ దూరాన్ని ఆరు రోజుల్లో నడిచి పూర్తి చేశాడు. చివరి అడుగుల్లో వైద్యుడు హామ్లిన్, ఆనాటి ప్రత్యర్థి యూబాంక్ ఇద్దరూ అతని పక్కన ఉన్నారు.

మన తెలుగు బాక్సర్

గాయం ప్రతిసారీ ముగింపు కాదు. నిజామాబాద్‌లో పుట్టిన నిఖత్ జరీన్ మన విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో, ద్రోణాచార్య పురస్కారం పొందిన ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ పొందింది. 2011లోనే జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో రింగులో భుజం పట్టు తప్పింది. శస్త్రచికిత్స జరిగి దాదాపు ఏడాది ఆటకు దూరమైంది. బాక్సర్‌కు భుజం పోతే కవి గొంతు పోయినట్టే. అయినా తిరిగి వచ్చి, 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది. 2023లో ఢిల్లీలో రెండోసారి గెలిచింది.

ఆమె పట్టుదలను మెచ్చుకుందాం. దానితో పాటు ఆమె వెనక ఉన్నదేమిటో కూడా చూద్దాం. తానే ఆటగాడైన తండ్రి ఉన్నాడు. శిక్షణ కేంద్రం ఉంది. సమయానికి శస్త్రచికిత్స అందింది. తిరిగి కోలుకునే వ్యాయామం, అందుకు కావలసిన ఏడాది గడువు దొరికాయి. ఇవి లేకపోతే పట్టుదల ఒక్కటే భుజాన్ని అతికించదు. మణిపూర్‌లోని కోమ్ తెగ నుంచి వచ్చి ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన మేరీ కోమ్ కథలో కూడా పట్టుదలకు తోడు ఆదరణ ఉంది. మన గిరిజన ఆడపిల్ల కూడా అంత ఎత్తుకు ఎదగగలదని ఆమె చూపించింది.

మన దేశంలో కూడా పరిస్థితి కొంత మారింది. ఇబ్బందుల్లో ఉన్న ఆటగాళ్ల కోసం 1982లో కేంద్ర ప్రభుత్వం జాతీయ క్రీడాకారుల సంక్షేమ నిధిని ఏర్పాటు చేసింది. శిక్షణలోనో పోటీలోనో గాయపడినవారికి, వైద్యం ఖర్చు భరించలేనివారికి దాని నుంచి సహాయం అడగవచ్చు. రామ్మూర్తి కాలంలో అడగడానికి ఇలాంటి తలుపే లేదు.

మన కొండల్లో ఆ అరగంట

వాట్సన్‌కు అరగంట ఆలస్యమైందని లండన్ కోర్టు తప్పు పట్టింది. మన దగ్గర ఆ అరగంట ఎంత అవుతుందో మీకు వేరే చెప్పాలా? రోడ్డు లేని గూడెం నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చే అన్నదమ్ములు మన మధ్యే ఉన్నారు. పాము కాటుకు, జ్వరానికి పట్టే ఆ సమయమే ఆటలో దెబ్బ తగిలినవాడికీ పడుతుంది. సంక్రాంతికి ఊరి మైదానంలో కబడ్డీ టోర్నమెంటు పెడతాం. బహుమతికి చందాలు వేసుకుంటాం, మైకు పెడతాం, షామియానా వేస్తాం. ఎవరైనా తల నేలకు కొట్టుకుని పడితే ఏం చేయాలో మాత్రం చాలాచోట్ల ఎవరూ అనుకోరు. ముఖం మీద నీళ్లు చల్లి, లేపి, చప్పట్లు కొట్టి మళ్లీ కూతకు పంపుతాం. లేచి ఆడితే మగతనం, కూర్చుంటే పిరికితనం అనుకుంటాం.

అది తప్పు. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం తెలివి తప్పినా ఆ రోజుకు ఆ పిల్లవాడి ఆట ముగిసినట్టే. బాక్సింగులో తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయినవాణ్ణి కనీసం 30 రోజులు రింగులోకి రానివ్వరు. ప్రపంచ స్థాయి బాక్సర్‌కు ఉన్న నియమం మన గూడెం పిల్లవాడికి ఎందుకు ఉండకూడదు? తలనొప్పి పెరుగుతూ పోవడం, వాంతులు, మత్తుగా నిద్ర ముంచుకు రావడం, మాట తడబడటం, అడిగిందే మళ్లీ అడగడం, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదిగా కనిపించడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. పడుకుంటే తగ్గుతుందిలే అని ఇంట్లో వదిలేయకూడదు. మెడకు కూడా దెబ్బ తగిలిందని అనుమానముంటే ఊరికే లేపి కూర్చోబెట్టకూడదు, మెడ కదలకుండా పట్టుకోవాలి.

మన సంఘాలు పెట్టే పోటీలకు ముందు కొన్ని పనులు చేయవచ్చు. వీటికి పెద్ద డబ్బు అక్కర్లేదు. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోటీ తేదీ ముందే చెప్పాలి. ఏఎన్ఎంను గానీ ఆశా కార్యకర్తను గానీ మైదానం దగ్గర ఉండమని అడగాలి. ఒక బండి, దాని డ్రైవరు ఆట ముగిసేదాకా కదలకూడదు. గూడెం పైన ఉంటే డోలీ, మోయడానికి నలుగురు ముందే సిద్ధంగా ఉండాలి. రాతినేల మీద కబడ్డీ పెట్టకుండా మట్టి దున్ని, మెత్తగా చేసి ఆడించాలి. గాయపడిన పిల్లవాడు మళ్లీ ఎప్పుడు ఆడాలో నిర్ణయించేది చూస్తున్న జనం కాదు, జట్టు నాయకుడు కాదు, వైద్యుడు.

క్రీడా పాఠశాలలో, అకాడమీలో చేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మరో మాట. చేరే ముందు అడగండి: ఇక్కడ గాయమైతే వైద్యం ఎవరు చేయిస్తారు? బీమా ఉందా? ఆట ఆపవలసి వస్తే చదువు కొనసాగుతుందా? అడగడానికి మొహమాటపడకండి. అమ్మానాన్నలకు సంతకం పెట్టమని కాగితం ఇస్తే చదివి వినిపించి పెట్టించండి. గాయమైతే ఆ రోజే మాస్టారికి చెప్పండి, రాయించండి, చీటీలు దాచుకోండి. వాట్సన్ కోర్టులో గెలవడానికి ఆ రాత్రి ఎప్పుడు ఏం జరిగిందో నిమిషాల వారీగా ఉన్న వివరాలు కూడా తోడ్పడ్డాయి. చదువును మాత్రం ఎప్పుడూ వదలకండి. రామ్మూర్తికి కూడా మొదట అన్నం పెట్టింది సైదాపేటలో నేర్చిన ఉపాధ్యాయ విద్యే.

వీరఘట్టంలో పుట్టిన ఒక మనిషి తన ఒంటితో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. ఒళ్లు దెబ్బతిన్నాక పరాయి ఊళ్లో పరాయి దయ మీద బతికాడు. ఆయన పేరుతో స్టేడియాలు కట్టుకోవడం బాగుంది. ఆ స్టేడియంలో ఆడే మన పిల్లలకు మైదానం పక్కన ఒక వైద్యుడు, ఒక బండి, ఒక బీమా కాగితం ఉండేలా చూసుకుంటే ఆయనకు అంతకంటే మంచి జోహార్ ఉండదు. వచ్చే సంక్రాంతి పోటీలకు చందా పుస్తకం తెరిచినప్పుడు, బహుమతుల ఖర్చు కంటే ముందు మొదటి పేజీలో ఆ ఏర్పాట్ల ఖర్చు రాసుకుందాం.